పుట్టింది సామ్రాజ్యం కోసం, నడుస్తున్నది ఎవరి కోసం?

2022 ఆగస్టు 8, బర్మింగ్‌హామ్. కామన్వెల్త్ క్రీడల ఆఖరి రోజు. ఎడమ చీలమండ సలుపుతున్నా కట్టు కట్టుకుని సింధు కోర్టులోకి దిగింది. కెనడా అమ్మాయి మిషెల్ లీని రెండు గేముల్లోనే ఓడించింది. కాసేపటికి లక్ష్య సేన్, ఆ తర్వాత మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ స్వర్ణాలు పట్టేశారు. టేబుల్ టెన్నిస్‌లో నలభై ఏళ్ల శరత్ కమల్‌కు స్వర్ణం, సత్యన్‌కు కాంస్యం. హాకీ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఏడు గోల్స్ తిన్నాం, అయినా రజతం మనదే. ఒక్క రోజులో ఆరు పతకాలు.

ఆ ఆరు పతకాలు తెచ్చిన మూడు ఆటల్లో ఒక్కటి కూడా 2026 గ్లాస్గో క్రీడల జాబితాలో లేదు. ఖరారు చేసినవి పది ఆటలే. షటిల్, టేబుల్ టెన్నిస్, హాకీతో పాటు కుస్తీ, క్రికెట్, స్క్వాష్ కూడా ఎగిరిపోయాయి. కూర్చుని లెక్క వేశాను. బర్మింగ్‌హామ్‌లో భారత్ గెలిచిన 61 పతకాల్లో 30, 22 స్వర్ణాల్లో 13 ఈ తీసేసిన ఆటల నుంచి వచ్చినవే.

జాబితా బయటకు రాగానే మన దగ్గర రెండు మాటలు గట్టిగా వినిపించాయి. భారత్‌ను దెబ్బకొట్టడానికే ఇలా చేశారన్నది ఒకటి. ఒకప్పటి దొరల పేరంటానికి అసలు మనం వెళ్లడమేంటన్నది రెండోది. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. పిలవకపోతే అలక, పిలిస్తే అవమానం. కోపం సంగతి అలా ఉంచి, ఈ క్రీడలు ఇంకా ఎందుకు బతికున్నాయో, ఎవరి అవసరం మీద బతికున్నాయో చూస్తే ఈ తికమక కొంత విడుతుంది.

గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లను నిద్రలేపి అడిగినా ‘హామిల్టన్, 1930’ అని చెప్పేస్తారు. ఒక మార్కు బిట్టు. దాని వెనక కథ మాత్రం గైడుల్లో ఉండదు. 1891లోనే జాన్ ఆస్ట్లీ కూపర్ అనే ఆంగ్లేయుడు, ఇంగ్లిషు మాట్లాడే తెల్లవాళ్లంతా నాలుగేళ్లకోసారి కలిసి ఆడుకోవాలని ఒక ప్రతిపాదన పెట్టాడు. ఆధునిక ఒలింపిక్స్ అప్పటికి ఇంకా పుట్టలేదు. 1911లో ఐదో జార్జి పట్టాభిషేకం సంబరాల్లో భాగంగా లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర చిన్నపాటి పోటీలు జరిగాయి. చివరికి బాబీ రాబిన్సన్ అనే కెనడా క్రీడా విలేకరి పట్టుబట్టి తన ఊరు హామిల్టన్‌లో 1930లో వీటిని మొదలుపెట్టించాడు. పేరు ‘బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్’. 11 జట్లు, సుమారు 400 మంది ఆటగాళ్లు. ఆడవాళ్లకు ఈతలో మాత్రమే చోటు. ప్రారంభంలో అందరూ కలిసి తాము రాజు-చక్రవర్తికి విధేయులైన ప్రజలమని ప్రమాణం చేశారు.

అంటే పుట్టుక విషయంలో దాపరికం ఏమీ లేదు. సామ్రాజ్యం పట్టు సడలుతోందన్న టెన్షన్ మొదలైన కాలంలో ‘మనమంతా ఒకే కుటుంబం’ అని చూపించుకోవడానికి పెట్టిన తిరునాళ్లు ఇవి. కుటుంబంలో ఎవరి పీట ఎక్కడో కూడా త్వరగానే తేలిపోయింది. 1934 క్రీడలు జొహానెస్‌బర్గ్‌లో జరగాల్సింది. నల్లవాళ్లతో, ఆసియావాళ్లతో దక్షిణాఫ్రికా ఎలా వ్యవహరిస్తుందోనన్న భయంతో వాటిని లండన్‌కు మార్చారు. భారత్ మొదటిసారి ఆడింది అక్కడే. రషీద్ అన్వర్ కుస్తీలో కాంస్యం గెలిచాడు. మన తొలి పతకం పరాయి పాలనలో, పరాయి జెండా కింద వచ్చింది. 1938 క్రీడలను సిడ్నీకి ఇచ్చింది బ్రిటిష్‌వాళ్లు ఆస్ట్రేలియాలో దిగి 150 ఏళ్లయిన సందర్భంగా. పోటీలకు కొద్ది రోజుల ముందు, జనవరి 26న, అదే సిడ్నీలో అక్కడి ఆదివాసులు ‘సంతాప దినం’ జరిపారు. ఒకరికి పండగ, ఒకరికి తద్దినం.

తర్వాత పేరు మెల్లగా పలచబడుతూ వచ్చింది. 1954లో ‘కామన్వెల్త్’ చేరింది, 1970లో ‘ఎంపైర్’ పోయింది, 1978లో ‘బ్రిటిష్’ కూడా పోయింది. రాజుగారి సందేశం పెట్టిన బ్యాటన్ దేశాలు తిరిగొచ్చే ఆచారం మాత్రం 1958 కార్డిఫ్ నుంచి ఇప్పటికీ నడుస్తోంది. గ్లాస్గో కోసం 74 జట్లకూ విడివిడిగా ఒక్కో బ్యాటన్ ఇచ్చి, మీకు నచ్చినట్టు అలంకరించుకోండన్నారు.

ఇంతవరకే చూసి ‘ఇది బానిసత్వపు అవశేషం’ అని తీర్పు చెప్పడం తేలిక. కానీ ఆ వేదిక మీద తర్వాత జరిగినవి దాన్ని కట్టినవాళ్ల చేతుల్లో లేవు. కార్డిఫ్‌నే తీసుకోండి. దక్షిణాఫ్రికా అందరూ తెల్లవాళ్లే ఉన్న జట్టుతో వచ్చింది. వేల్స్‌లో దాని మీద నిరసనలు జరిగాయి. 440 గజాల ఫైనల్లో ఆ దేశపు మాల్కమ్ స్పెన్స్‌ను వెనక్కి నెట్టి స్వర్ణం గెలిచింది మిల్ఖా సింగ్. 1982లో బ్రిస్బేన్‌లో ప్రపంచం కెమెరాలు దిగగానే ఆదివాసులు భూమి హక్కుల కోసం వీధుల్లోకి వచ్చి అరెస్టయ్యారు. 1986 ఎడిన్‌బరో సంగతి మరీ ఘోరం. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికా మీద ఆంక్షలకు బ్రిటన్ ప్రధాని థాచర్ ఒప్పుకోనందుకు 59 దేశాల్లో 32 ఆ క్రీడలను బహిష్కరించాయి. భారత్ కూడా వెళ్లలేదు. 1994లో కెనడాలో 400 మీటర్లు గెలిచిన క్యాథీ ఫ్రీమన్ మొదట ఆదివాసుల జెండా పట్టుకుని పరుగెత్తింది. జట్టు పెద్ద ఆమెను మందలించాడు కూడా.

ఐక్యరాజ్యసమితిలో ఎన్ని తీర్మానాలు చేసినా థాచర్‌కు అంత చురుకు తగిలి ఉండదని నా అభిప్రాయం. ఖాళీ ట్రాక్‌లు టీవీలో కనిపిస్తాయి మరి.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2018 గోల్డ్ కోస్ట్‌లో 85 కిలోల వెయిట్ లిఫ్టింగ్‌లో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం. ఆ ఊరి పేరు వినగానే మనవాళ్లలో చాలామందికి ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు, ఆ గుర్తు రావడమే అసలు సమస్య. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులని బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది, 1871లో. ఆ చట్టం మద్రాసు రాజ్యానికి వచ్చాక, అలా ముద్ర వేసినవాళ్లను ఒకచోట ఉంచి కాపలా కాయడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ చేతుల మీదుగా 1913 ప్రాంతంలో పెట్టిన సెటిల్‌మెంట్ ఇది. స్టూవర్ట్ అన్నది మద్రాసు ప్రభుత్వంలోని ఒక తెల్లదొర పేరు. చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. బస్సులో పక్కవాడు ‘ఏ ఊరు?’ అనడిగితే జవాబు చెప్పడానికి వెనకాడే పరిస్థితి తరాల పాటు సాగింది. అలాంటి ఊరి పేరు, ఆ సామ్రాజ్యమే మొదలుపెట్టిన పోటీల్లో, స్వర్ణం పక్కన పేపర్లలో వచ్చింది. దీన్ని బానిసత్వం అనాలా? నాకు ఆ మాట పట్టదు. చరిత్ర తీరిపోయిందనీ అననుగానీ, ఆ ఊరి పిల్లలకు ఆ రోజు పేపరు దాచుకోవడానికి ఒక కారణం దొరికింది.

పుట్టుకే అంత ముఖ్యమైతే మంచి పుట్టుక ఉన్న క్రీడలు బతికి బట్టకట్టాలి కదా. అవి ఏమయ్యాయో చూద్దాం.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఇండోనేషియా రానివ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెబితే, జకార్తాలో మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇండోనేషియాను సస్పెండ్ చేసింది. మీ ఒలింపిక్స్ సామ్రాజ్యవాదుల సొత్తు, మేమే వేరే పెట్టుకుంటామని ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో 1963లో ‘గానెఫో’ అనే క్రీడలు జరిపాడు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల క్రీడలన్నమాట. వలస వ్యతిరేకతలో దానికి సాటి లేదు. రెండోది కైరోలో జరగాలి. జరగలేదు. ఆసియా దేశాలకే పరిమితమైన ఒకటి 1966లో కంబోడియా రాజధాని నాంఫెన్‌లో జరిగి, ఆ కథ ముగిసింది.

ఇంకొకటి మన హైదరాబాద్‌దే. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిగాయి. వలస పాలన నుంచి బయటపడ్డ రెండు ఖండాలు, మధ్యలో ఏ దొరా లేకుండా కలిసి ఆడుకోవాలన్నది ఆలోచన. ఏళ్ల తరబడి వాయిదాలు పడీ పడీ చివరికి ఇక్కడ జరిగాయి. గచ్చిబౌలి స్టేడియంలో సంబరాలు, ఊరంతా షేరూ సింహం బొమ్మలు. పతకాల్లో చైనా తర్వాత మనమే. రెండో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ అల్జీర్స్‌లో అనుకున్నారు. ఈ రోజుకీ రెండోది లేదు. క్రీడాకారుల కోసమని గచ్చిబౌలిలో కట్టిన టవర్‌ను 2020లో కొవిడ్ ఆసుపత్రిగా మార్చారు. హైదరాబాద్‌లో ఇప్పటి కుర్రాళ్లను ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ గురించి అడిగి చూడండి, ముఖం చిట్లిస్తారు.

పోర్చుగీసువాళ్ల వైపు చూసినా ఇదే. పోర్చుగీసు మాట్లాడే దేశాల లూసోఫోనియా క్రీడలు 2014లో గోవాలో జరిగాయి. గోవా పేరు చెప్పుకుని భారత్ అందులో ఆడింది, పతకాల పట్టికలో అగ్రస్థానంలో నిలిచింది. ఆ క్రీడలు మళ్లీ జరగలేదు, ఎవరూ బెంగపెట్టుకోలేదు. ఫ్రెంచ్ మాట్లాడే దేశాల క్రీడలు 1989 నుంచి నడుస్తున్నాయి. వాటిలో పాటలు, బొమ్మలు వేయడం లాంటి వాటికీ పోటీలు పెడతారు. బహుశా అందుకే బతికున్నాయేమో. 1960ల మొదట్లో ఆఫ్రికాలో ఫ్రెంచ్ మాట్లాడే దేశాలు జరుపుకున్న ‘స్నేహ క్రీడలు’ 1965 నాటికి ఖండం మొత్తానికీ ఆఫ్రికా క్రీడలుగా ఎదిగాయి. వలస పాలకుడి భాష కలిపిన గుంపు, పాలకుడిని వదిలేసి, సొంతంగా పెద్దదైంది.

కాబట్టి వంశవృక్షం చూసి ఆయుష్షు చెప్పలేం. నాలుగేళ్లకోసారి ‘ఇది జరిగితీరాలి’ అని పట్టుబట్టేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే లెక్క. కామన్వెల్త్ క్రీడలకు అలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లు మనం అనుకునే చోట లేరు.

నౌరు అని పసిఫిక్ మహాసముద్రంలో ఒక దీవి. 21 చదరపు కిలోమీటర్లు, పదివేల పైచిలుకు జనం. మన మండలంలో ఓ పెద్ద పంచాయతీ అంత. 1990లో మొదటిసారి కామన్వెల్త్ క్రీడలకు వచ్చి స్వర్ణం పట్టుకుపోయింది. గెలిచింది మార్కస్ స్టీఫెన్ అనే వెయిట్ లిఫ్టర్. రెండేళ్ల తర్వాత బార్సిలోనా ఒలింపిక్స్‌కు నౌరు తరఫున వెళ్లే వీలే లేదు, ఆ దేశానికి ఒలింపిక్ సభ్యత్వం లేదు. పాపం సమోవా జెండా కింద ఆడాల్సి వచ్చింది. తర్వాత అతను నౌరు అధ్యక్షుడయ్యాడు. ఇలాంటి జట్లు చాలా ఉన్నాయి. జెర్సీ, గెర్న్‌సీ, జిబ్రాల్టర్, సెయింట్ హెలెనా, నియూ, ఇవేవీ ఒలింపిక్స్‌లో కనిపించవు. కామన్వెల్త్‌లో ఉన్నది 56 దేశాలైతే క్రీడలకు వచ్చేది 74 జట్లు కావడం అందుకే. సుమారు రెండు వేల మంది ఉండే నార్ఫోక్ దీవి 2018లో లాన్ బౌల్స్‌లో కాంస్యం గెలిచింది. వాళ్లకు ఈ క్రీడలు ‘ఇంకా అవసరమా’ అని అడగడం, ఊరికి ఉన్న ఒక్క బస్సునూ చూపించి ఇది ఎందుకని అడిగినట్టు ఉంటుంది.

లాన్ బౌల్స్ మాటెత్తాం కనుక చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో నలుగురు భారతీయ మహిళలు, లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోనీ సైకియా, రూపా రాణీ తిర్కీ, ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించేదాకా అలాంటి ఆట ఒకటుందని దేశంలో ఎంతమందికి తెలుసు? పచ్చగడ్డి మీద ఒక చిన్న తెల్ల బంతి, దానికి వీలైనంత దగ్గరగా పెద్ద బంతిని దొర్లించాలి. మన గోలీలాట పెద్ద చదువులు చదివి ఇంగ్లండ్ వెళ్లొచ్చినట్టు ఉంటుంది. లవ్లీ జార్ఖండ్ పోలీసు శాఖలో ఉద్యోగి. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు, ఆసియా క్రీడల్లోనూ లేదు. నెట్‌బాల్‌దీ ఇదే పరిస్థితి. ఈ ఆటలవాళ్లకు కామన్వెల్త్ స్వర్ణమే శిఖరం.

మరి మన పతకాల విలువ? ఇక్కడ కాస్త నిజాయితీగా మాట్లాడుకోవాలి. షటిల్‌లో చైనా, జపాన్, కొరియా, ఇండోనేషియా, డెన్మార్క్ లేవు. కుస్తీలో ఇరాన్, జపాన్, అమెరికా, రష్యా లేవు. లిఫ్టింగ్‌లో చైనా లేదు. అందుకే బర్మింగ్‌హామ్‌లో మన మల్లయోధులు పన్నెండు మంది వెళ్తే పన్నెండు పతకాలూ వచ్చాయి. మన స్వర్ణాల్లో కొన్ని ఖాళీ క్లాసులో వచ్చిన ఫస్ట్ ర్యాంకులు. అలాగని అన్నీ కాదు. అథ్లెటిక్స్‌లో జమైకా, కెన్యా, ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండ్ ఎదురుగా ఉంటాయి. అక్కడ మిల్ఖా స్వర్ణం తర్వాత 2010లో కృష్ణ పూనియా డిస్కస్ విసిరేదాకా 52 ఏళ్లు ఆగాం. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో 1998 నుంచి మూడు పతకాలూ కెన్యావాళ్లవే. 2022లో అవినాశ్ సాబ్లే వాళ్ల మధ్యలో దూరి సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో రజతానికి వచ్చాడు. ఆ రజతం ముందు మన ఎన్నో స్వర్ణాలు చిన్నబోతాయి.

అయినా సరే, పతకం మీద ‘కామన్వెల్త్’ అని ఉంటే మన రాష్ట్ర ప్రభుత్వాలు నగదు బహుమతులు ఇస్తాయి, ఉద్యోగ కోటాలో లెక్కవేస్తాయి. ఆ కాగితం మీద చైనా వచ్చిందా రాలేదా అని ఎవరూ అడగరు. 2014లో పారుపల్లి కశ్యప్ షటిల్ సింగిల్స్ స్వర్ణం గెలిచినప్పుడు పురుషుల్లో 32 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణమది. హైదరాబాద్ అకాడమీల్లో రాకెట్ పట్టుకునే పిల్లాడి తల్లిదండ్రులకు ఒలింపిక్స్ చాలా దూరం, ఇది అందే దూరం. గ్లాస్గో జాబితా మీద మనవాళ్ల బాధలో సగం దేశభక్తి, సగం ఈ లెక్క. ఇందులో తప్పేం లేదు, కానీ కుట్ర కథ అల్లాల్సిన పని కూడా లేదు. ఆటలు పోయింది మన మీద కోపంతో కాదు, డబ్బు లేక.

2022 క్రీడలను మొదట డర్బన్‌కు ఇచ్చారు. డబ్బు హామీలు కుదరక 2017లో వెనక్కి తీసుకుని బర్మింగ్‌హామ్‌కు ఇచ్చారు. 2026వి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం తీసుకుంది. 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లనుకున్న ఖర్చు 600 కోట్లు దాటేలా ఉందని 2023 జులైలో చేతులెత్తేసింది. ఆస్పత్రుల డబ్బు, బడుల డబ్బు పన్నెండు రోజుల ఆటకు పెట్టలేనని ఆ రాష్ట్ర ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, డేనియల్ ఆండ్రూస్ చెప్పాడు. క్రీడలు జరపనందుకు 38 కోట్ల డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. మరుసటి నెలే కెనడాలోని ఆల్బర్టా 2030 బిడ్ నుంచి తప్పుకుంది. ఎందుకిలా? ఒలింపిక్స్‌కైతే టీవీ హక్కుల సొమ్ములో ఆతిథ్య నగరానికి పెద్ద వాటా వస్తుంది. ఇక్కడ అంత సొమ్ము లేదు, పెద్ద స్టార్లూ ఖాయంగా రారు. ఉసేన్ బోల్ట్ తన కెరీర్ మొత్తంలో ఈ క్రీడల్లో పరుగెత్తింది ఒక్కసారి, 2014 రిలేలో. ఖర్చు మాత్రం మినీ ఒలింపిక్స్ అంత. కోరి తద్దినం కొని తెచ్చుకోవడమే.

అలా గ్లాస్గో దిక్కయింది. విక్టోరియా కట్టిన పరిహారమే పెట్టుబడి. కొత్త కట్టడాలు లేవు, ఎనిమిది మైళ్ల లోపు నాలుగు పాత వేదికలు, ఆటగాళ్లకు ఊరు కట్టకుండా ఉన్న బసలే. పది ఆటల్లో మన షటిల్ ఎగిరిపోయింది ఈ పొదుపులోనే. నాకైతే ఇది అవమానంలా కాదు, చాలా ఏళ్ల తర్వాత ఎవరో చేసిన తెలివైన పనిలా కనిపిస్తోంది. పప్పుకూడు తినాలని ఉన్నా అప్పు చేయనన్నారు.

ఇక తెల్లవాళ్ల దేశాలు వద్దన్న బరువును ఎత్తుకోవడానికి ముందుకొచ్చింది మనం. 2025 నవంబర్ 26న గ్లాస్గోలోనే జరిగిన సమావేశంలో 2030 శతాబ్ది క్రీడలను అహ్మదాబాద్‌కు ఖాయం చేశారు. హామిల్టన్‌లో చక్రవర్తికి ప్రమాణం చేసి వందేళ్లు నిండే వేడుక, మాజీ వలస దేశంలో, మన ఖర్చుతో. దీని వెనక సామ్రాజ్యం మీద ప్రేమ ఏమీ లేదు, 2036 ఒలింపిక్స్ మీద కన్ను ఉంది. నిశ్చితార్థం పెళ్లి కోసమే.

ఢిల్లీ 2010 గుర్తున్నవాళ్లకు మాత్రం కడుపులో కాస్త తిప్పుతుంది. ప్రారంభానికి రెండు వారాల ముందు నెహ్రూ స్టేడియం పక్కన నడక వంతెన కూలి కూలీలు గాయపడ్డారు. సైన్యం వచ్చి కొన్ని రోజుల్లో మరో వంతెన వేసింది. మురికివాడలు విదేశీయులకు కనపడకుండా రోడ్డు పక్కన తెరలు కట్టారు. నిర్వాహక సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ 2011 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. 2025 ఏప్రిల్‌లో, మనీ లాండరింగ్‌కు ఆధారాలు లేవన్న ఈడీ ముగింపు నివేదికను ఢిల్లీ కోర్టు ఆమోదించింది. పద్నాలుగేళ్ల రచ్చ ఒక కాగితంతో ముగిసింది. అదే క్రీడల్లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ నాలుగు స్వర్ణాలు గెలిచాడు, భారత్ 101 పతకాలతో రెండో స్థానంలో నిలిచింది. రెండూ నిజమే. అహ్మదాబాద్ విషయంలో అడగాల్సింది బ్రిటిష్ రాజు సందేశం ఎవరు చదువుతారని కాదు, స్టేడియం పక్కన బస్తీలవాళ్లను ఎక్కడికి పంపుతారు, 2031లో ఆ మైదానాల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి అని.

వలస చరిత్ర ఈ క్రీడల్లో నిజంగా ఎక్కడ మిగిలుందో చూడాలంటే పేరులోనూ బ్యాటన్‌లోనూ వెతకొద్దు, ఆతిథ్య నగరాల జాబితా చూడండి. 2022 దాకా 22 సార్లు జరిగితే 19 సార్లు బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్‌లలోనే. మిగతా మూడు కింగ్‌స్టన్, కౌలాలంపూర్, ఢిల్లీ. కామన్వెల్త్ సభ్యుల్లో 21 దేశాలు ఆఫ్రికావి. అక్కడ ఒక్కసారీ జరగలేదు. 1934లో జొహానెస్‌బర్గ్ పోయింది, 2022కు డర్బన్ పోయింది. 2030 కోసం అహ్మదాబాద్‌తో పోటీపడిన రెండో నగరం నైజీరియా రాజధాని అబుజా. దానికి 2034 సంగతి చూద్దామన్నారు.